కర్రలేని కళాశాల కోలాటం

ఎక్కడో ఒక కళాశాలలో మంచినీళ్ళ కుళాయి దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు కొట్టుకున్నారు. వారిలో ఒకడి చేతిలో కర్ర ఉంది. కుళాయిలో నీళ్ళు ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు గాని, చేతిలోకి కర్ర ఎలా వచ్చిందో తేల్చమని పైవాళ్ళు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. కమిటీ నాలుగు నెలలు ఆలోచించి, కర్రలు ఉండబట్టే కర్రలతో కొట్టుకోవడం జరుగుతోందని కనిపెట్టింది. 'కర్రలేని కళాశాల' పథకం అలా పుట్టింది. ప్రాంగణంలో కర్ర అన్నది కనిపించని కళాశాలకు ఐదు నక్షత్రాలు ఇస్తారు. తనిఖీలో ఒక్క కర్ర దొరికితే ఒక నక్షత్రం రాలిపోతుంది.

ఆ ఉత్తర్వు అనంతపురం వైపున ఉన్న ఒక ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలకు సోమవారం పొద్దున చేరింది. దాన్ని గేటు దగ్గర అందుకున్నవాడు వాచ్‌మన్ నాగప్ప. అప్పుడు అతని ఎడమచేతిలో టపా, కుడిచేతిలో లాఠీ ఉన్నాయి. తన చేతిలో ఉన్న కాగితం తన చేతిలో ఉన్న కర్రకే చేటు తెచ్చిందని తెలియక, దాన్ని భద్రంగా ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టి వచ్చాడు.

నాగప్పకు ఆ కళాశాలలో ముప్ఫై ఏళ్ళుగా రెండు ఉద్యోగాలు. ఒకటి కాగితం మీద ఉన్నది, గేటు కాయడం. రెండోది ఏ కాగితం మీదా లేనిది, సాయంత్రం నాలుగున్నరకు సైకిళ్ళ షెడ్డు వెనక ఆడపిల్లలకు కోలాటం నేర్పడం. వాళ్ళ ఊళ్ళో మూడు తరాలుగా వాళ్ళ ఇంట్లోవాళ్ళే కోలాటం గురువులు. చండ్రకర్ర తెచ్చి, మూరెడు పొడవున కోసి, చెక్కి, ఆముదం పట్టించి ఇరవై నాలుగు కోలలు తనే తయారుచేశాడు. ఏటా పన్నెండుమంది పిల్లలు వాటితో యువజనోత్సవంలో ఆడేవారు. పోటీ దరఖాస్తులో 'గురువు' అన్న గడి ఒకటి ఉంటుంది. అందులో ఏటా ప్రిన్సిపాల్ పేరు రాసేవారు. ముప్ఫై ఏళ్ళలో పదకొండుమంది ప్రిన్సిపాళ్ళు మారారు కాబట్టి గురువుగారి పేరు కూడా పదకొండుసార్లు మారింది. గురువులు ఇంతమంది మారినా పిల్లల అడుగులు ఒక్కలాగే ఉండటం న్యాయనిర్ణేతల్లో ఎవరికీ వింతగా తోచలేదు.

ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, మైకులో "గురువు: నాగప్ప" అని వినాలని అతని కోరిక. ఎవరితోనూ అనలేదు. నెలాఖరుకు అతను రిటైరవుతున్నాడు. శనివారం జరిగే పోటీ అతనికి ఆఖరిది. ఈ ఏడు జట్టుకు నాయకురాలైన ఓబుళేశ్వరికి మాత్రం ఆ సంగతి తెలుసు. దరఖాస్తు జిరాక్సు తీయించడానికి ఇచ్చినప్పుడు ముసలాయన వేలు ఆ గడి మీద కాసేపు ఆగడం ఆ పిల్ల చూసింది.

ప్రిన్సిపాల్ డాక్టర్ వైకుంఠం గారు మధ్యాహ్నానికల్లా నాగప్పను పిలిపించారు.

"నాగప్పా, నేటి నుండి ఇది దండరహిత ప్రాంగణం. ప్రక్షాళన మన నుండే ప్రారంభం కావాలి. నీ చేతిలోనిది ఏమిటి?"

"లాఠీ సార్. ఆపీసోల్లే ఇచ్చినారు."

"ఇచ్చింది కార్యాలయమే. స్వాధీనం చేసుకునేదీ కార్యాలయమే. బీరువాలో పెట్టి, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. స్వాధీన వస్తువులకు నువ్వే కాపలా."

"దేనితో కాపలా కాయల్ల సార్?"

"నైతిక బలంతో," అన్నారు వైకుంఠం గారు.

ఆ సాయంత్రంలోగా చీపుళ్ళకు కర్రలు ఊడదీశారు. స్వీపరమ్మలు నడుములు విరిగేలా వంగి ఊడ్వడం మొదలుపెట్టారు. చరిత్ర చెప్పే రాఘవేంద్రాచార్యులు గారికి మోకాలి ఆపరేషన్ అయి నెలే అయింది. ఆయన చేతికర్ర కూడా బీరువాకెక్కింది. బదులుగా ఇద్దరు విద్యార్థినులు ఆయనను చెరో పక్క పట్టుకుని తరగతికి తీసుకెళ్ళాలని ఉత్తర్వు వేశారు. జెండా స్తంభం విషయంలో గంటసేపు చర్చ నడిచింది. అది ఇనుముతో చేసినది కనుక కర్ర కాదని తేలాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మంగళవారం సైకిళ్ళ షెడ్డు వంతు వచ్చింది. ఎర్రగుడ్డలో చుట్టి చూరులో దోపిన ఇరవై నాలుగు కోలలను నాగప్ప తన చేతులతోనే తీసి, తన చేతులతోనే బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళం వేస్తుంటే అతనికి ఏడుపొచ్చింది. డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఆపుకున్నాడు.

ఓబుళేశ్వరి పదకొండుమందిని వెంటేసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"సార్, శనివారం మా పోటీ. కోలల్లేకుండా కోలాటం ఎట్లా ఆడాల సార్?"

"అంశాన్ని మార్చుకోండి."

"పేర్లు పంపేసినారు సార్. మార్చేకి లేదంటాండారు."

వైకుంఠం గారు కుర్చీలో వెనక్కు వాలారు. "చూడమ్మా. సాంస్కృతిక కమిటీకి ఛైర్మన్ ఎవరు? నేను. ఆ హోదాలో మీ ఆవేదన నాకు పూర్తిగా అర్థమైంది. భద్రతా కమిటీకి ఛైర్మన్ ఎవరు? అదీ నేనే. కానీ ఒక హోదాలో ఉన్న నేను మరో హోదాలో ఉన్న నా పనిలో తలదూర్చడం పాలనా సంప్రదాయం కాదు. సాంస్కృతిక ఛైర్మన్‌గా భద్రతా ఛైర్మన్‌కు లేఖ రాస్తాను. ఆయన ఎలా స్పందిస్తారో చూద్దాం."

"ఆయనంటే మీరే కద సార్?"

"అందుకే కొంచెం భయంగా ఉంది. చాలా నిక్కచ్చి మనిషి."

లేఖ రాశారు. అటెండరు దాన్ని బల్ల మీద ఎడమవైపు ట్రేలోంచి తీసి, బయటికి తీసుకెళ్ళి, నంబరు వేయించి, మళ్ళీ లోపలికి తెచ్చి కుడివైపు ట్రేలో పెట్టాడు. బుధవారం జవాబు వచ్చింది. 'తమ లేఖ సానుభూతితో పరిశీలించడమైనది. కర్ర అను నిర్వచనములోనికి రాని కర్రలతో ప్రదర్శన ఇచ్చుటకు ఈ కార్యాలయమునకు అభ్యంతరము లేదు.' సాంస్కృతిక ఛైర్మన్ దాన్ని చదివి, భద్రతా ఛైర్మన్ ఔదార్యానికి కృతజ్ఞతలు తెలుపుతూ మరో లేఖ రాశారు.

అయితే కర్రకు నిర్వచనం ఏదీ? ఉత్తర్వులో లేదు. వెంటనే వృక్షశాస్త్రం నుంచి ఒకరు, భౌతికశాస్త్రం నుంచి ఒకరు, తెలుగు నుంచి ఒకరు కూర్చుని నిర్వచనం తయారుచేశారు. 'చేత పట్టుటకు అనువై, వెడల్పు కంటె పొడవు ఎక్కువ కలిగి, ఒకదానితో ఒకటి తాటించినప్పుడు శబ్దము వచ్చునది కర్ర అనబడును.' అది ఎంత శాస్త్రీయంగా ఉందంటే, పైఅధికారులు ముచ్చటపడి దాన్ని జిల్లా అంతటికీ వర్తింపజేశారు.

దాంతో హాస్టల్లో మునక్కాయలు దొరికిపోయాయి. తాటించి చూస్తే శబ్దం వచ్చింది. వంటమనిషి మొత్తుకోగా కమిటీ మళ్ళీ కూర్చుని ఉడికిన మునక్కాయలను తాటించింది. శబ్దం రాలేదు. కనుక పచ్చి మునక్కాయ కర్ర అనీ, ఉడికినది కర్ర కాదనీ, ఇకమీదట మునక్కాయలను బయట ఉడికించి లోపలికి తేవాలనీ తీర్మానించారు.

పిల్లలు పాత పేపర్లు గట్టిగా చుట్టి వాటితో సాధన మొదలుపెట్టారు. కోలాటంలో ఒక్కో వరుసను కోపు అంటారు. ఒక కోపులో కోల ఎవరి కోలకు తగలాలో, ఎప్పుడు తగలాలో చెవికే తెలుస్తుంది. పేపరు చుట్టలు తగిలితే 'తుస్సు' మంటున్నాయి. మూడో కోపుకే లోపలి వరుస ఒకవైపు, బయటి వరుస ఒకవైపు పోయి, అరుంధతి అనే పిల్ల తిరిగి తిరిగి సైకిళ్ళ మీద పడింది.

"తాతా, ఏమీ ఇనపల్లేదు. ఎట్ల తిరగాల?"

"కండ్లతో ఆడేది గాదు పాపా ఇది. సెవుల్తో ఆడేది," అన్నాడు నాగప్ప.

సంగతి తెలిసి వైకుంఠం గారు స్వయంగా షెడ్డు వెనక్కు వచ్చి పరిష్కారం సూచించారు. తాటించినప్పుడల్లా పిల్లలే నోటితో 'టక్' అనాలి. నోరు చేత పట్టుటకు అనువైనది కాదు కనుక నిర్వచనంలోకి రాదు. పన్నెండుమంది కాసేపు టక్ టక్ అన్నారు. షెడ్డు గోడ మీది బల్లి కూడా గొంతు కలిపింది. ప్రిన్సిపాల్ గారు తొడ మీద తాళం వేస్తూ తల ఊపారు.

ఆయన వెళ్ళాక ఓబుళేశ్వరి చేతిలోని పేపరు చుట్టను నేలకేసి కొట్టింది. "తాళంచెవి నీ మొలతాడుకే ఉండాది గదా తాతా? ఒక్క దినం తీస్తే ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది."

"ముప్పై ఏండ్లు సేసినావు. నీకు ఆ మైకులో పేరు..." అని ఆగిపోయింది ఆ పిల్ల. నాగప్ప చప్పున తలెత్తి చూశాడు.

"నన్ను నమ్మి ఇచ్చినారు పాపా తాళంచెవి. నెలాకర్లో ఆ నమ్మకం పోగొట్టుకోని ఇంటికి పోల్లేను," అన్నాడు.

శుక్రవారం మరో ఉత్తర్వు దిగింది. పథకానికి ఒక ప్రత్యేకాధికారిణిని వేశారు. ఊరికే కర్రలు లేవంటే సరిపోదనీ, ఉన్న కర్రలు పట్టుకుంటేనే లేకుండా చేసినట్టనీ ఆమె భావించారు. కనుక పట్టుకున్న ప్రతి పది కర్రలకు ఒక మార్కు ఇస్తామనీ, కర్రలన్నిటినీ శనివారం యువజనోత్సవం జరిగే మైదానంలోనే ప్రదర్శనకు పెట్టాలనీ, బాధ్యతగల ఉద్యోగి వెంట మూటకట్టి పంపాలనీ ఆ ఉత్తర్వు సారాంశం. అది అందిన గంటలో ఊళ్ళో కట్టెల అడితి ఖాళీ అయింది. పట్టుకోవడానికి కర్రలు దొరకని కళాశాలలు కర్రలు కొని తెచ్చి, గేటు లోపల పడేసి, పట్టుకున్నాయి.

శనివారం పొద్దున ఒకే బస్సులో అందరూ బయలుదేరారు. ముందు సీట్లో రెండు కమిటీల ఛైర్మన్లు ఒకే పంచెకట్టులో కూర్చున్నారు. మధ్యలో కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో పేపరు చుట్టలతో పన్నెండుమంది పిల్లలు. వెనక సీట్లో ఒడిలో గోనెమూట పెట్టుకుని నాగప్ప. మూటలో ఎర్రగుడ్డలో చుట్టిన ఇరవై నాలుగు కోలలు, వాటితోపాటు అతని లాఠీ, ఆచార్యులు గారి చేతికర్ర, ఆరు చీపురు కర్రలు ఉన్నాయి. పిల్లలకూ కోలలకూ మధ్య మూడు సీట్ల దూరం ఉంది. ఆ మూడు సీట్లు దాటించే అధికారం బస్సులో ఎవరికీ లేదు.

మైదానంలో ఒకపక్క వేదిక, మరోపక్క కర్రల ప్రదర్శన. కర్రసాముకు పేరిచ్చిన ఇంకో కళాశాలవాళ్ళు చెరో తువ్వాలు పట్టుకుని సాధన చేస్తున్నారు. ప్రత్యేకాధికారిణి గారు మూటమూట తనిఖీ చేస్తూ ఒకచోట ఆగి మండిపడ్డారు.

"ఇవి పొయ్యిలోకి చీల్చిన కట్టెపుల్లలు! వీటిని కర్రలని ప్రభుత్వాన్ని మభ్యపెడతారా? ధ్రువీకరణ లేనిదే ఒక్క కర్రను కూడా కర్రగా పరిగణించను!"

ఆ మాట చెవిన పడగానే వైకుంఠం గారి ముఖం పాలిపోయింది. తమ మూటకు ధ్రువీకరణ లేదు. నాగప్ప మాత్రం మూట పక్కన నిలబడి ఆలోచిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు గేటు దగ్గర నిలబడి అతను ఒక సంగతి గమనించాడు. అధికారులు మనుషులు అడిగితే కాదంటారు గాని, కాగితం అడిగితే కాదనరు.

మేడం గారు మూట దగ్గరికి రాగానే చేతులు కట్టుకున్నాడు. "మేడం, మా సార్లోల్లు రాసినారు గదా, ఒగదాంతో ఒగటి తాటిస్తే సప్పుడు రావల్ల అని. అట్ల తాటించి సూసినంక రాసుకుంటే సరిపోతాదేమో మేడం."

మేడం గారు అతన్ని కొత్తగా చూశారు. ఇన్నాళ్ళకు ఒక ఉద్యోగి నిర్వచనాన్ని గౌరవించాడు. "సరిగ్గా చెప్పావు. తాటించు."

నాగప్ప రెండు కోలలు తీసి తాటించాడు. 'టక్'. నాలుగు రోజుల తర్వాత ఆ చప్పుడు విని పన్నెండుమంది పిల్లలూ ఒక్కసారే తలలు తిప్పారు.

"రెండు నిర్ధారణ అయ్యాయి. తరువాతవి?"

"ఒగదాంతో ఒగటి అంటే ప్రెతిదీ ప్రెతిదాంతో తగలల్ల గదా మేడం. ఈ ఇరవై నాలుగూ ఒగ రకం. నేనొక్కన్నే అయితే పొద్దు గూకుతాది. పన్నెండు మంది పట్టుకుంటే ఎనిమిది నిమిషాల్లో అయిపోతాది."

పక్కనున్న గుమాస్తా చేతి మీద లెక్క వేసి, రెండు వందల డెబ్భై ఆరు తాటింపులు అవసరమని నివేదించాడు.

"పన్నెండుమంది సిబ్బందిని ఎక్కడి నుంచి తెచ్చేది?" అన్నారు మేడం గారు.

"ఈ పిల్లోల్లు కాళీగానే ఉండారు మేడం," అన్నాడు నాగప్ప.

"ఇక్కడ స్థలం చాలదు."

"ఆ వేదిక ఉండాది మేడం. తర్వాత వంతు గూడ మా కాలేజీదే."

మేడం గారు గడియారం చూసుకుని, నిర్ధారణ పరీక్షను వేదిక మీద జరపడానికి అనుమతి ఇచ్చారు. కర్రలు మూటలోంచి బయట ఉన్నంతసేపు పూర్తి బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు. అందరూ ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు.

వైకుంఠం గారు ఒక అడుగు వెనక్కు వేశారు. సాంస్కృతిక ఛైర్మన్‌గా బాధ్యత తీసుకుంటే భద్రతా ఛైర్మన్ ఊరుకోడు. భద్రతా ఛైర్మన్‌గా తీసుకుంటే నక్షత్రాలు పోతాయి. ఏ కోల జారి ఎవరి తలకు తగిలినా ముందు తన తలే పోతుంది. ఆయన బాధ్యతా పత్రం మీద నాగప్ప పేరు రాయించారు. అంతటితో ధైర్యం చాలక వేదిక దగ్గరికి పరుగెత్తి, వ్యాఖ్యాత చేతిలోని పోటీ దరఖాస్తు లాక్కుని, 'గురువు' గడిలో తన పేరును అడ్డంగా కొట్టేసి, 'నాగప్ప, వాచ్‌మన్' అని స్వహస్తాలతో రాసి, కింద తేదీ వేసి సంతకం కూడా పెట్టారు.

"ఈ కర్రలతో నాకు ఏ హోదాలోనూ సంబంధం లేదు. అందరూ గమనించాలి," అన్నారు గట్టిగా.

"గమనించినాము సార్," అంది ఓబుళేశ్వరి. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాగప్ప గోనెమూట విప్పి ఒక్కొక్కరికి రెండేసి కోలలు అందించాడు. ఆముదం వాసన కొట్టింది. పేపరు చుట్టలు వేదిక కింద కుప్పగా పడ్డాయి. అతను కంచు తాళాలు తీసుకుని ఒక మూల నిలబడి మొదటి దెబ్బ వేశాడు.

ఇన్నాళ్ళూ మూగ కర్రలతో తడుముకున్న చెవులకు ఆ చప్పుడు ప్రాణం పోసింది. లోపలి వరుస, బయటి వరుస ఎదురెదురుగా తిరుగుతూ, ఒంగుతూ, లేస్తూ, కోపు మీద కోపు మారుతుంటే ఇరవై నాలుగు కోలలు ఒకే గొంతుతో పలికాయి. అరుంధతి ఎవరి మీదా పడలేదు. తువ్వాళ్ళు పట్టుకున్న కర్రసాము కుర్రాళ్ళు కూడా ఆగి చూశారు. ప్రత్యేకాధికారిణి గారు మాత్రం వేదిక పక్కనే కుర్చీ వేసుకుని తాటింపులు గుర్తులు పెట్టసాగారు. నూట నలభై దాటాక ఆమె కాలు తాళం వేయడం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆమె చూసుకోలేదు. ఎనిమిది నిమిషాలకు ఆట ఆగేసరికి ఆమె కాగితం మీద గుర్తులు ఎక్కడో తప్పిపోయాయి. కింద 'అన్నియు కర్రలే' అని రాసి ముద్ర వేశారు.

సాయంత్రం ఫలితాలు ప్రకటించారు.

"జానపద నృత్య విభాగంలో ప్రథమ బహుమతి, మహిళా డిగ్రీ కళాశాల కోలాటం!" అన్నాడు వ్యాఖ్యాత. వైకుంఠం గారు పంచె సర్దుకుని కుర్చీలోంచి సగం లేచారు. "గురువు..." అని వ్యాఖ్యాత కొట్టివేతల మధ్య వెతుక్కుని, "గురువు: నాగప్ప!" అన్నాడు. వైకుంఠం గారు లేచినంత మేరా కూర్చున్నారు.

కర్రల ప్రదర్శన గుడారం వెనక నిలబడ్డ నాగప్ప ఆ పేరు వింటూనే పరుగు అందుకున్నాడు. అయితే వేదిక వైపు కాదు, జనరేటరు వైపు. ముప్ఫై ఏళ్ళలో మైకులో ఎప్పుడు తన పేరు వినబడినా మోటారు వేయడానికో, కుర్చీలు తేవడానికో, గేటు మూయడానికో పిలిచినవాళ్ళే. జనరేటరు దగ్గరికి చేరాక, అది బాగానే తిరుగుతుండటం చూసి అయోమయంగా నిలబడిపోయాడు. పిల్లలు వెనక నుంచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు.

"నిన్నే తాతా. గురువుగా పిలిచినారు. రా," అంది ఓబుళేశ్వరి.

వేదిక మీద అతనికి శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. నాగప్ప దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మైదానమంతా చూస్తోంది.

"అమ్మాయిలూ," అన్నాడు, "కోలలు ఇరవై నాలుగూ తెచ్చియ్యండి. మూట కట్టేసెయ్యల్ల."

బస్సు బయలుదేరే ముందు మూట ముందు కూర్చుని లెక్క పెట్టాడు. లాఠీ, చేతికర్ర, చీపురు కర్రలు సరిపోయాయి. కోలలు ఇరవై రెండే వచ్చాయి. మళ్ళీ పెట్టాడు. ఇరవై రెండే. తలెత్తి చూస్తే ఓబుళేశ్వరి కిటికీలోంచి ఎటో చూస్తోంది. అన్నం గిన్నె పెట్టుకునే అతని సంచీ పొద్దుటి కంటే బరువుగా ఉంది. దాని మూతిలోంచి ఎర్రగుడ్డ కొస ఒకటి బయటికి కనబడుతోంది.

నాగప్ప సంచీ మీద శాలువా కప్పాడు. గోనెమూతి కుట్టి, చీటీ మీద ఇరవై నాలుగు అని రాసి, కింద సంతకం పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అతను రాసిన తప్పు లెక్క అదొక్కటే.